ఇంజన్ మీద ముగ్గుపిండి

వాకిలి ఊడ్వడానికి చీపురు పట్టుకొని బయటికి వచ్చిన మనీషా అక్కడే బిగుసుకుపోయింది.

వాకిట్లో ఉన్న తమ వ్యాన్ బానెట్ లేపి ఉంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఇంజన్ మీద ముగ్గుపిండి చల్లుతున్నాడు.

చీపురు జారి కింద పడింది.

ఈమధ్య ఇంట్లో ఒకటే భయం. తండ్రి రాజలింగం ఆ వ్యాన్‌లోనే ఊరి పిల్లలను కోరుట్ల బడికి తీసుకుపోతాడు. ఇవాళ ఇంజన్ ఆయిల్ పోస్తే రేపటికి తగ్గిపోతోంది. కింద మరక లేదు, వెనక పొగ లేదు.

"ఎవలో బాణామతి జేసిండ్రు" అని పక్కింటి లసుమవ్వ తేల్చేసింది.

చప్పుడుకు ఆ మనిషి తిరిగి చూశాడు.

"భయపడకు బిడ్డా. మీ బాపును లేపు."

అప్పుడు వచ్చింది మనీషాకు కేక. వాడంతా పరుగెత్తుకొచ్చింది.

"నిన్న కోరుట్లల గూడ నా ఎంబడి పడ్డడు వీడు. నా బండిల కాలిన వాసనస్తున్నదట!" అన్నాడు రాజలింగం.

ఎదురింటి లింగన్న ఆ మనిషి గల్లా పట్టాడు. "ఎవల మీద జేస్తున్నవురా మంత్రం?"

"మంత్రం గాదన్నా. ఇంజన్ స్టార్ట్ జేసి సూడుండ్రి. పిండి ఏడ తడుస్తే గాడ..."

కర్ర నుదుటి మీద పడింది. రక్తం కంట్లోకి కారింది.

అతను చేయి అడ్డం పెట్టుకోలేదు. దండం పెట్టాడు.

"కొడితే కొట్టుండ్రి. ఇయ్యాల మాత్రం పిల్లలను ఎక్కియ్యకుండ్రి."

"ఇన్నరా, శాపం పెడుతున్నడు!" లసుమవ్వ గుండెలు బాదుకుంది.

పొలిమేర దాటేదాకా తరిమారు.

మంత్రించిన పిండిని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రాజలింగం బానెట్ అట్లాగే దించి, టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాడు. పిల్లలు ఎక్కారు. ఇంకో పిల్ల రావాలని ఇంజన్ ఆపకుండా ఎదురుచూస్తున్నాడు.

మనీషా ఎక్కలేకపోయింది. ఆ దండం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. బానెట్ లేపింది.

తెల్లటి పిండి మీద నల్లటి తడి గీత. సన్నటి పైపు దగ్గర మొదలై, కాగిన సైలెన్సర్ మీదికి చుక్కచుక్కగా జారుతోంది. చుయ్యిమంది. మరో చుక్కకు మంట లేచింది.

"బాపూ, బంద్ జెయ్! పిల్లల్ని దింపు!"

ఆ పిల్ల అంత గట్టిగా అరవడం ఊరు ఎన్నడూ వినలేదు. పిల్లలు దూకారు. లింగన్న ఇసుక ఎత్తిపోశాడు.

కోరుట్ల నుంచి వచ్చిన మెకానిక్ మధు పైపును తడిమి చూశాడు.

"నడిచినప్పుడే కారుతున్నది మామా. కారింది కారినట్టే కాలిపోతున్నది. గందుకే మరక పడలె. ఇంకింత దూరం పోతే..." మిగతాది మింగేశాడు. "పిండి జల్లుమని ఎవలు జెప్పిండ్రు?"

రాజలింగం తల వంచుకొని చెప్పాడు.

"నుదుటికి రుమాలు కట్టుకున్నాయనా? నేనచ్చేటప్పుడే చందుర్తి బస్సెక్కిండు."

"ఎవలు మధూ ఆయన?"

మధు చేతికంటిన ఆయిల్ తుడుచుకున్నాడు.

"పోయినేడు ఒక బడి వ్యాన్ కాలిపోలేదా మామా? రోజూ ఆయిల్ పోసుకుంట దాన్ని నడిపిన డ్రైవర్ ఆయన్నే, ముందు సీట్ల కూసున్నది ఆయన బిడ్డే."