పంపు చప్పుడు

జనగామ షెడ్డులో మెకానిక్ బాబామియా కారు పెట్రోలు పంపు వైరుకు బల్బు ఆనించాడు. వెలిగింది. పంపు మీదికి చెవి వంచాడు.

“కరెంటు వస్తుంది గని పంపు కొట్టుకుంటలేదక్కా. సచ్చిపోయింది. కొత్తది ఎయ్యాలె.”

కారు తెచ్చిన సరోజన తెల్లబోయింది. “గదేంది మియా? టిక్కుటిక్కుమని గీడికి ఇనబడుతుంది.”

ఇరవై ఏళ్లుగా చప్పుడు విని బండి రోగం చెప్పిన మనిషి. నవ్వి, పంపు మీద అరచెయ్యి వేశాడు. చేతికింద అది పిచ్చుక గుండెలా కొట్టుకుంటోంది.

చెయ్యి తియ్యకుండానే, సద్ది తెచ్చిన భార్య చోటీ బీ వైపు తిరిగాడు.

“నీకు ఎరికేనా?”

ఆమె అతని చెవి దగ్గరికి వంగింది.

“పండుగ కాడికెల్లి అజాన్ ఇనబడ్తలేదని, మసీదు మైకు ఖరాబైందని లొల్లి పెడుతున్నవు గద. మైకు మంచిగనే ఉన్నది.”