మోదుగ చెట్టు దిక్కు తిప్పు

"నీ మొఖం గాదే, గా మోదుగ సెట్టు దిక్కు తిప్పు," అన్నాడు ఫోనులోంచి పరశురాములు.

జమునకు ఒళ్లు మండింది. పోయినసారి వచ్చినప్పుడు దుబాయి నుంచి తెచ్చిన చీర మడత విప్పి ఇవాళే కట్టుకుంది. తల దువ్వుకుని, బొట్టు దిద్దుకుని వీడియో కాల్ ఎత్తింది. ఎత్తగానే పెనిమిటి అన్న మొదటి మాట ఇదీ! పొద్దున్నే అక్కడ డ్యూటీ బస్సు రాకముందు దొరికేది కాసేపు. ఆ కాసేపూ చెట్లకూ పుట్టలకూ పంచిపెట్టాల్సి వస్తోంది.

"సెట్లు సూసుకుంట బతికెటోనివి, నన్నెందుకు చేసుకున్నవ్?" అంటూనే వెనుక కెమెరా పెట్టింది.

"అబ్బ, ఎంత మంచిగ పూసింది! జర దగ్గరికి పో."

పోయింది. చలికాలంలో మొదలైంది ఈ పిచ్చి. అంతకుముందు ఆమె మంచం మీద కూచుని మాట్లాడేది. తిన్నవా, పన్నవా, పసుపు ఎట్లున్నది అని అడిగేవాడు. ఇప్పుడేమో "ఊరు యాదికొస్తుంది, అట్ల నడువు" అంటాడు. ఇంటి నుంచి మోదుగ చెట్టు, అక్కణ్నుంచి కుంట కట్ట, కట్ట దిగితే ముత్యం మామ ఇంటి ముందున్న వేపచెట్టు మలుపు. రోజూ అదే దారి. పోనీ తన మొహమైనా చూపిస్తాడా అంటే అదీ లేదు. లైటు వేస్తే గదిలో వాళ్లు లేస్తారంటాడు. ఆయన వైపు ఎప్పుడు చూసినా చీకటే.

"ఇయ్యాల పసుపు ఉడకవెట్టే మిషనొస్తది. కూలోళ్లకు వండాలె. ఉత్తగ తిరుగుతున్ననని మీ అవ్వ గులుగుతుంది," అంది.

"గంతే, అయిపాయె. కుంట కట్ట మీదికి నడువు."

అసలు మంటేమిటంటే, ఆ చెట్టు నిజంగానే బాగుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి జమునకు మోదుగంటే విస్తర్లు కుట్టుకునే ఆకే. ఈ నడకలు మొదలయ్యాకే చూసింది, నల్లటి మొగ్గ తొడిమలోంచి ఆ ఎర్రటి రేకు ఎట్లా బయటికొస్తుందో, గోరింకలు దాంట్లో మూతి పెట్టి ఎంత గొడవ చేస్తాయో. కుంట నీళ్ల మీద మంచు లేస్తోంది. కరెంటు తీగ మీది పాలపిట్ట ఎగిరినప్పుడు రెక్కల కింద అంత నీలం దాచుకుందా అనిపించింది. ఇవన్నీ పక్కన మనిషి ఉంటే చూపించుకోవాలి. ఆ మనిషికి ఇవన్నీ కావాలి గానీ తను అక్కర్లేదు.

నిన్న ముత్యం మామ కూతురు దీపిక ఈ నడక చూసి నవ్వింది. దీపిక మొగుడితో తగువై, చంటిపాపతో పుట్టింటికి వచ్చేసింది. వేపకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, పాపను పడుకోబెట్టి వాకిలి ఊడుస్తోంది.

"వదినా, రోజు పొద్దుగాల మా యాపచెట్టుకు గీ షూటింగేంది?"

"మీ అన్న పిచ్చి. సెట్లు సూడకుంటె ఆయనకు దినం గడవదట. నీ ముచ్చటేంది? మీ ఆయన ఫోన్ చేస్తుండా?"

"చేస్తె ఎత్తుతనా? నంబరు బ్లాక్ చేసిన. ఒక్క మాట సెప్పకుంట పోయినోనికి మా మొఖాలెందుకు?" అని చీపురు విదిలించింది దీపిక.

అప్పుడే ఫోనులో ముక్కు చీదిన చప్పుడైంది.

"సర్ది అయ్యిందా నీకు?" అని అడిగింది జమున.

"ఆఁ... ఏసీ పడుతలే," అన్నాడు పరశురాములు.

ఇవాళ కుంట కట్ట దిగి, వేపచెట్టు మలుపు ఇంకా తిరగకముందే జమున ఆగిపోయింది.

"ఆగినవేందే? నడువు, బస్సు టైమైతుంది."

"నడువ."

"ఏమైంది?"

"గా యాపచెట్టుల ఏమున్నదో సెప్పు. పూత లేదు, కాత లేదు. దాన్ని మాత్రం రోజు కండ్ల నిండ సూస్తవు. నేనెట్లున్ననని ఒక్కనాడన్న అడిగినవా?" అంటూ కెమెరా తన మొహం వైపు తిప్పుకుంది. కళ్లలో నీళ్లు తుడుచుకోలేదు. చూడనీ అనుకుంది. "సూడు. నువ్వు తెచ్చిన చీరనే కట్టుకున్న. నన్ను సూసి ఒక్క మాట మాట్లాడు. లేకుంటె రేపటి సంది నడువ, ఫోన్ గూడ ఎత్త."

"జమునా, నీకు దండం పెడుత. కెమెరా అటు తిప్పు. అన్ని తర్వాత సెప్త."

"తిప్ప. నా మొఖం గంత పాడుగున్నదా?"

"అట్లగాదే పిచ్చిదానా. మంచిగున్నవు. గందుకే అటు తిప్పుమంటున్న."

ఇదేం మాటో జమునకు అర్థం కాలేదు. కట్ట మీద గోరింకలు అరుస్తున్నాయి. ఇంటి దగ్గర అత్త పిలుస్తోంది. ఫోనులో అదే చీకటి, ఏదో గుసగుస. ఇంక చాలనుకుని కాల్ కట్ చేయడానికి వేలు పెట్టబోయింది.

అంతలో ఆ చీకట్లోంచి, పరశురాములుది కాని గొంతు ఒకటి, సర్ది చేసినట్టు బొంగురుగా, మెల్లగా వినిపించింది.

"అక్కా, మా పాప ఉయ్యాల దిక్కు జర తిప్పవా?"