లెపేకా సమాధి

బస్సులో కాలు పెట్టే చోటు లేదు.

సియెనీ మెట్టు మీదే ఆగిపోయింది. ముందు సీట్లో ఉన్న నెరిసిన జుట్టావిడ తన తొడ తట్టి పిలిచింది.

"రా, కూర్చో. నిలబడితే మలుపులో డ్రైవరు నిన్ను సముద్రంలోకి విసిరేస్తాడు."

సమోవాలో బస్సు నిండితే ఒళ్లే సీటు. సియెనీ కూర్చుంది గానీ వీపు ఆనించలేదు.

"ఆనుకో తల్లీ. ఆ సీసాలో ఏంటి?"

"నోనూ కాయల పసరు. నా రొమ్ములో గడ్డ ఉంది పెద్దమ్మా. మీకు అంటుతుందేమో."

ఆవిడ సీసా లాక్కుని ఒక గుక్క తాగింది.

"ఛీ. దీనితో నోరు పాడవుతుంది గానీ గడ్డ కరగదు. చూశావుగా, నీ సీసాలోదే తాగాను. ఇది అంటుకునే జబ్బు కాదు."

సియెనీ కళ్లు తిప్పుకుంది. ఇంట్లో తన కప్పు వేరు పెట్టారు.

"డాక్టరేమన్నాడు?"

"క్యాన్సరే అన్నాడు. చిన్నదిగా ఉండగానే కోసి తీసేద్దాం, ఇవాళే చేరమన్నాడు. నేను సంత దగ్గర దిగిపోతాను. అక్కడ ఆకుమందు ఇచ్చే ఆవిడ ఉంది."

"ఆసుపత్రికి వెళ్తే ఏం?"

"కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుందట. మా అత్త సలా స్నేహితురాలు లెపేకా అలాగే పోయింది. న్యూజిలాండ్‌లో కోశారట. మళ్లీ రాలేదు."

ఆవిడ కిటికీలోంచి చూసింది. దారి పొడవునా ఇళ్ల ముందు తెల్లటి సమాధులు, వాటి మీద ఆరేసిన బట్టలు.

"లెపేకా సమాధి వాళ్లింటి ముందుందా?"

"లేదు."

"మనవాళ్లు ఎక్కడ పోయినా ఇంటికి తెచ్చుకుంటారు కదా. పోనీ, మన ఆచారం ప్రకారం చావుకి సన్నచాపలు పంచారా?"

ఊళ్లో ఆ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. భయానికి ఒక పేరు దొరికితే చాలు, శవంతో పనిలేదు.

"కప్పు వేరు పెట్టే ఊరికి ఎవరు తిరిగొస్తారు?" అంది ఆవిడ మెల్లగా. "కత్తి వల్ల పాకదమ్మా. ఊరుకుంటే పాకుతుంది."

బస్సు మలుపు తిరిగింది. సియెనీ వీపు ఆవిడకు ఆనింది. ఒకవైపు మెత్తగా, ఒకవైపు చదునుగా. కూర్చున్న తీరేమో అనుకుంది.

ఆసుపత్రి గేటు కనబడగానే సియెనీ బస్సు ఆపే తాడు లాగింది.

దిగుతుంటే వెనక నుంచి ఆవిడ కేకేసింది.

"మీ అత్తకి చెప్పు. చాప అంచుకి కుట్టే ఎర్ర ఈకలు నేనే తెస్తానని."

పేరు అడిగేలోగా బస్సు కదిలిపోయింది.

* * *

"టైముకి వచ్చావు. గడ్డ మొత్తం తీసేశాం, ఇంకెక్కడా లేదు," అన్నాడు డాక్టరు, ఆపరేషను అయిన కొన్ని రోజులకి.

సాయంత్రం సలా ఉడికించిన చామదుంపలు తెచ్చింది. సియెనీ బస్సులో ఆవిడ చెప్పమన్న మాట చెప్పింది.

సలా చెయ్యి ఆగిపోయింది.

"ఎర్ర ఈకలా? ఎలా ఉంది మనిషి?"

"నెరిసిన జుట్టు. గట్టి గొంతు. ఒకవైపు..."

సియెనీ చెయ్యి తన కట్టు మీదికి వెళ్లి అక్కడే నిలిచిపోయింది.

సలా కోడలు సగం తాగి పెట్టిన కప్పు తీసుకుని మిగతా నీళ్లు తాగేసింది.

"ఆ చాప సగంలో ఆగి నా మంచం కిందే ఉంది," అంది. "దాని రెండో అంచు పట్టుకుని అల్లింది లెపేకా."