ఫిల్మ్ నగర్‌లో లిండెన్‌బ్రుక్

స్టూడియో గేటు దగ్గర తెల్లావిడ కనిపించగానే ప్రొడక్షన్ మేనేజరు చలపతిరావుకు ప్రాణం లేచి వచ్చింది.

"రండమ్మా, రండి! పొద్దుటినుంచీ మీకోసమే కాచుక్కూచున్నాం" అంటూ నేరుగా కాస్ట్యూమ్స్ గదికి తోలేశాడు.

ఆవిడ ఏదో చెప్పబోయింది. వినే తీరిక ఎవరికుంది? పాట షూటింగు. జర్మనీ వీధిలో నడవడానికి తెల్లవాళ్లు కావాలి. జూనియర్ ఆర్టిస్టులను పంపే బాలమణి ఎంత గాలించినా చాలినంతమంది దొరకలేదు.

ముసలమ్మయితేనేం, ముఖం తెల్లగా ఉంది. అంతే చాలు. ఆవిడ నేతచీర కట్టుకొచ్చిందన్న సంగతి కూడా ఎవరికీ పట్టలేదు. చీర మీద నుంచే పొడుగు గౌను తొడిగి, తలకు గుడ్డ కట్టి, సెట్టు మీదికి పంపేశారు.

ఇంత హడావుడిలోనూ ఆర్ట్ డైరెక్టర్ వీరరాఘవయ్య ఓ మూల నిలబడి, తను కట్టిన ఊరినే చూసుకుంటున్నాడు.

అది ఎనభై తొమ్మిది వేసవి. నిర్మాత పట్టాభిరామయ్య మొదట యూనిట్టంతటినీ జర్మనీ తీసుకెళ్తానన్నాడు. వీరరాఘవయ్య పాస్‌పోర్టు కూడా తీయించుకున్నాడు. తీరా ప్రయాణం దగ్గరపడ్డాక, "అంత దూరం ఎందుకయ్యా, ఆ జర్మనీ ఏదో నువ్వే ఇక్కడ దింపెయ్" అన్నాడు.

దింపేశాడు.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎప్పుడో కొన్న గైడు పుస్తకం ఒకటి ఆయన దగ్గరుంది. లిండెన్‌బ్రుక్ అనే చిన్న పాతకాలపు ఊరు చూడవచ్చేవాళ్ల కోసం ఇంగ్లీషులో రాసింది. ముందు పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి. మిగిలినవాటిని ఆయన నమిలి మింగేశాడు. కోటగుమ్మం దాటితే సంతబజారు, బజారు మధ్య రాతిబావి, బావికి ఎడమపక్క రొట్టెలవాళ్ల సందు, ఎదురుగా చర్చి.

"గురువుగారు నిన్న కూడా జర్మనీ వెళ్లొచ్చారు" అని అసిస్టెంట్లు వేళాకోళం చేసేవారు.

వెళ్లే యోగం ఎలాగూ లేదు. ఆ ఊరు కళ్లారా చూసిన మనిషి ఒక్కరు వచ్చి "అచ్చం ఇలాగే ఉంటుందయ్యా" అంటే చాలు, అదొక్కటే ఆయన కోరిక. అందుకే సెట్టు ఫొటో పేపర్లో పడినప్పుడు పట్టుబట్టి ఊరిపేరు వేయించాడు. జర్మనీ వెళ్లొచ్చినవాళ్లెవరు కనిపించినా అడిగాడు. ఆ పేరే వినలేదన్నారు అందరూ.

"యాక్షన్!"

తెల్లావిడ కోటగుమ్మంలోంచి వచ్చి, బావిని దాటి, తిన్నగా చర్చివైపు నడిచిపోవాలి. అంతకుమించి పనేం లేదు.

ఆవిడ బావి దాకా వచ్చి, ఎడమకు తిరిగి సందులోకి పోయింది.

"కట్!"

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

మే నెల ఎండలో ఉన్నికోటు వేసుకున్న హీరో చెమటలు కక్కుతున్నాడు. డైరెక్టరు మైకులో అరిచాడు.

"రాఘవయ్యగారూ! ఆ సందన్నా మూసెయ్యండి, ఆవిణ్నన్నా తీసెయ్యండి!"

సందు మూయడమా! వీరరాఘవయ్యకు ఒళ్లు మండిపోయింది. విసవిసా సందులోకి వెళ్లాడు. ఆవిడ ఒక ప్లైవుడ్ గుమ్మానికి అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"ఏంటమ్మా ఇది? తిన్నగా పొమ్మంటే ఇటెందుకొస్తారు? ఈ తలుపు వెనకాల కర్రలు తప్ప ఏమీ లేవు."

"అలవాటండీ" అంది ఆవిడ తెలుగులోనే.

"అలవాటేంటి? ఇక చాలు, మీరు వెళ్లండి."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. వేషం పోయినందుకు కాబోలు అనుకున్నాడాయన.

"రేపొకసారి రావచ్చాండీ?"

"మీ బాలమణిని అడగండి" అని వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

మర్నాటి పొద్దున్నే సెట్టు విప్పడం మొదలైంది. ఆ స్థలం మరో సినిమాకు ఇవ్వాలి. విప్పినచోటే రేపట్నుంచి జమీందారు బంగళా లేస్తుంది. మేకులు పీకుతుంటే తన ఒంట్లోవి పీకినట్టుంది వీరరాఘవయ్యకు.

"ఆ ముసలావిణ్ని ఎక్కణ్నుంచి పట్టుకొచ్చావు తల్లీ?" అన్నాడు బాలమణి కనిపించగానే.

"గామె నా మనిషి కాదు సార్! మీరే తెచ్చిన్రనుకున్న. బావి గట్టుకు కూసోని ఒక్కతీరుగ చూస్తుండె. ఏందమ్మా అంటే జర నవ్వింది, గంతే."

అప్పుడే ఒక పెద్దమనిషి లోపలికొచ్చాడు. సత్యనారాయణమూర్తి అట, ఉండేది శ్రీనగర్ కాలనీలోనట.

"నిన్న మా ఆవిడ మీ షూటింగు పాడుచేసిందట. ఏమీ అనుకోకండి. ఆ సందులోనేనండీ వాళ్లిల్లు. పేపర్లో ఊరి పేరు చూసి వచ్చింది. ఇక కాళ్లు ఆగలేదంది."

వీరరాఘవయ్య గబుక్కున దగ్గరికొచ్చాడు.

"ఆవిడది లిండెన్‌బ్రుకా?"

"పుట్టి పెరిగింది అక్కడే. నేను చదువుకోడానికి జర్మనీ వెళ్లినప్పుడు పెళ్లయింది మాకు."

"సెట్టు... ఎలా ఉందన్నారండీ?"

"ఆ ఊరి ఊసే ఎత్తని మనిషండీ. రాత్రి తెల్లవార్లూ అదే కబురు."

ఆనందమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అటువైపు రాతిబావిని నలుగురు మనుషులు మోసుకుపోతున్నారు.

"నేనే పొమ్మన్నానండీ ఆవిణ్ని. ఇదంతా విప్పేశాం కూడా. పోనీ, అసలు ఊరు ఉందిగా, ఒక్కసారి మీరిద్దరూ..."

"ఆ ఊరు లేదండీ" అన్నాడు మూర్తిగారు. "యుద్ధంలో ఒక్క రాత్రికే కాలిపోయింది. వాళ్లవాళ్లంతా అందులోనే పోయారు. మళ్లీ ఎవరూ కట్టలేదు."



మూర్తిగారు గేటువైపు చూశాడు. ఆటోలో తెల్లావిడ పట్టుచీర కట్టుకుని, ఒళ్లో పళ్లబుట్ట పెట్టుకుని కూర్చుని ఉంది.

"మిమ్మల్ని అడిగొస్తానని దాన్ని అక్కడే ఉండమన్నానండీ, పెళ్లయిన ఇన్నేళ్లకి ఇవాళే మొదటిసారి, పదండి మా పుట్టింటికి తీసుకెళ్తానని నన్ను బయల్దేరదీసింది."