పెట్టెలో చిక్కిన ఆఖరి రంగం

“కుయ్... కుయ్... కుయ్...”

కంప్యూటర్ పెట్టె ముచ్చటగా మూడోసారి కుయ్యిమంది. లోపల ఫ్యాను తిరుగుతోంది, ముందు బుల్లి దీపం వెలుగుతోంది, తెర మాత్రం కటిక చీకటి. నాటకాలాయన దాన్ని బతిమాలాడు, తిట్టాడు, వీపున ఒక్కటిచ్చాడు. ఊహూ, లాభం లేదు!

వీధిలో అందరూ ఆయన్ని నాటకాలాయన అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా రాస్తున్నా ఒక్క నాటకమూ వేదిక ఎక్కలేదు, అది వేరే సంగతి. ఇన్నాళ్లకు, ఇవాళ సాయంత్రం ఆరింటికి, మొదటిది ఎక్కబోతోంది. కడుపుబ్బ నవ్వించే నాటకం! నటులు అన్ని రంగాలూ కంఠతా పట్టేశారు, ఒక్క ఆఖరిది తప్ప. ఎందుకంటే ఈ మహానుభావుడు నిన్నటిదాకా దాన్ని మారుస్తూనే ఉన్నాడు. ఆ ఆఖరి రంగం ఇప్పుడు, మూడు రోజులుగా ఆగి ఆగి మొరాయిస్తున్న ఈ పదిహేనేళ్ల ముసలి పెట్టె పొట్టలో ఉంది. ఇంకో కాపీ లేదు. గడియారం రెండు దాటింది.

ఆయన చెంపకు చెయ్యి ఆనించుకుని కుర్చీలో కూలబడ్డాడు. మూడు రోజులుగా ఆయన కూర్చునే తీరే అది.

అప్పుడు కనబడింది, తెర అంచున అంటించిన పసుపు చీటీ. దాని మీద భార్య చేతిరాతతో ఓ ఫోన్ నంబరు. పొద్దున ఆఫీసుకు వెళ్తూ ఆవిడ గుమ్మంలోంచి కేకేసిన మాటలు ఇప్పుడు చెవికెక్కాయి. “ఏమండీ, నంబరు కంప్యూటరుకి అంటించాను. ఇవాళైనా ఫోన్ చెయ్యండి. వాయిదాలేసి ఇంకా ముదరబెట్టుకోకండి!”

“నా బంగారు తల్లీ!” అంటూ గబగబా నంబరు నొక్కాడు.

“చెప్పండి,” అందో పెద్దావిడ గొంతు. వెనక ఏదో యంత్రం జుయ్యిమంటోంది.

“మేడమ్, మీరే కాపాడాలి! మీకు ఫోన్ చెయ్యమని మా ఆవిడ మూడు రోజులుగా పోరుతోంది...”

“ఓ, మీరేనా! మీ ఆవిడ పొద్దున్నే...”

“కంప్యూటర్ పాడైపోయిందండీ! తెర రావట్లేదు, ఒకటే కుయ్యిమంటోంది!”

“కంప్యూటరా? అయ్యో, నేను...”

“ఫోన్ పెట్టెయ్యకండి మేడమ్, మీ కాళ్లు పట్టుకుంటాను!” అని నాటకం, నటులు, ఆఖరి రంగం, ఆరు గంటలు, ఇరవై రెండేళ్లు, అన్నీ ఒక్క గుక్కలో వెళ్లబోసుకున్నాడు.

అవతల ఆవిడ ఎవరితోనో, “మీరు అలాగే ఉండండి, కదలకండి,” అంది. పాపం ఎవరో మూలిగారు. ఆయనదీ నాలాంటి కష్టమే కాబోలు అనుకున్నాడు నాటకాలాయన.

“సరే, కానివ్వండి,” అందావిడ. “ముందు దానికి నొప్పి తెలియకుండా చేద్దాం. కరెంటు తీసెయ్యండి.”

నాటకాలాయనకు అంత కంగారులోనూ నవ్వొచ్చింది. రిపేర్లు చేసేవాళ్లలో ఇంత చమత్కారం ఎక్కడుంది!

“ఇప్పుడు బాగా తెరవండి. లైటు పట్టుకుని చూడండి.”

ఆయన పక్క రేకు విప్పాడు. “బాబోయ్! దుమ్ము గడ్డకట్టింది మేడమ్!”

“శుభ్రం చేయించి ఎన్నాళ్లయింది?”

“కొన్నప్పట్నుంచీ లేదండీ.”

“అందరూ ఇంతే. పీకలమీదికొస్తే గానీ గుర్తురాం. మెత్తటి బ్రష్షుందా?”

“పాత టూత్‌బ్రష్ ఉంది.”

“భేష్! గట్టిగా రుద్దకండి. పైనుంచి కిందికి.”

ఆయన నాలుగు తుమ్ములు తుమ్మి, దుమ్మంతా దులిపాడు.

“ఇప్పుడు ఒక్కోదాన్నీ వేలితో మెల్లగా కదపండి. ఏదైనా వదులుగా ఉందా?”

“అన్నీ గట్టిగానే... ఆఁ! ర్యామ్ మేడమ్! రెండు పలకలు పక్కపక్కనే ఉన్నాయి, అందులో ఒకటి కదులుతోంది!”

“పక్కదాని జోలికి పోకండి. కదిలేదాన్ని నిటారుగా లాగండి. వంకర తిప్పితే విరుగుతుంది.”

“వచ్చేసింది!”

“అడుగున ఎలా ఉంది?”

“నల్లగా మకిలి పట్టిందండీ.”

“మెత్తగా రుద్దడానికి ఏముంది?”

“పెన్సిల్ రబ్బరు.”

“మెరిసేదాకా రుద్ది, ఉన్నచోటే మళ్లీ కూర్చోబెట్టండి.”

“టిక్కుమని కూర్చుంది మేడమ్!”

“అదృష్టవంతులు. మా దగ్గర ఊడొచ్చింది మళ్లీ అంత తేలిగ్గా కూర్చోదు.”

ఎంత వినయమో ఈవిడకి అనుకుంటూ నాటకాలాయన స్విచ్చి వేశాడు. ఒకే ఒక్క చిన్న కుయ్. ఆ వెంటనే తెల్లారినట్టు తెర వెలిగింది! ఆయన కుర్చీ చుట్టూ గంతులేశాడు. ప్రింటరు ఆఖరి రంగాన్ని పేజీ తర్వాత పేజీ కక్కుతుంటే ఒక్కో కాగితాన్నీ ముద్దు పెట్టుకున్నాడు.

“మేడమ్! మీరు మనిషి కాదు, దేవత! ముందువరసలో కుర్చీ మీదే. పడీ పడీ నవ్విస్తాను!”

“ఇప్పుడైనా నన్ను చెప్పనిస్తారా? చూశారుగా, తెరిచాం, లాగాం, రుద్దాం. ఇందులో భయపడాల్సిందేమైనా ఉందా?”

“అబ్బే! దీనికి కూడా భయపడేవాడు మగాడేనా?”

“ఆ మాట మీదే ఉండండి. రేపు పదింటికల్లా వచ్చెయ్యండి.”

“పెట్టెను మోసుకురావాలా? బాగైపోయిందిగా!”

“పెట్టె వద్దు. మీరే రండి. మూడు రోజులుగా మీరు కుడివైపు నమలడం లేదని మీ ఆవిడ అంతా చెప్పారు.”

నాటకాలాయన చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది.

“ఇంతకీ మేడమ్... మీరు?”

“నేను పళ్ల డాక్టర్నండీ.”