వంశపారంపర్య బిరుదు

"ఆగు తాతా, మళ్లీ చదువు. పొ-టెం-టేట్."

"పొటెంటేట్," అన్నాడు రాజారావు. ఎనభై మూడేళ్ల ముసలాయన కట్టుడుపళ్ల మధ్య ఆ మాట ఇరుక్కుంది.

అమెరికాలో బాతెల్ అనే ఊళ్లో శనివారం పొద్దున. బయట జల్లు. డైనింగ్ టేబుల్ మీద ఒకపక్క ఉప్మా, ఒకపక్క ల్యాప్‌టాప్‌లో అమెరికా పౌరసత్వం అప్లికేషన్. మనవరాలు కృతి నింపుతోంది. ఆఖర్న చెయ్యెత్తి చెప్పాల్సిన ప్రమాణం కూడా ఇప్పుడే బట్టీ పట్టిస్తోంది. ఏ పరాయి ప్రిన్స్‌కీ, ఏ పొటెంటేట్‌కీ తాను ఇక విధేయుణ్ణి కానని ఆయన చెప్పాలి.

"ప్రిన్స్ తెలుసు. ఈ రెండోవాడెవడు?"

కృతి ఫోన్‌లో చూసింది. "కింగ్ లాంటివాడే తాతా. లాటిన్ నుంచి వచ్చింది. రూట్ మీనింగ్... చేయగలిగినవాడు, బలం ఉన్నవాడు. పవర్, పాసిబుల్, అన్నీ అదే ఫ్యామిలీ."

"కిరీటం సంగతేం లేదా అందులో?"

"లేదు. జస్ట్ స్ట్రాంగ్ పర్సన్."

ముసలాయన నవ్వాడు. "అలాగైతే మా దివాణంలో పొటెంటేట్లు ఎనిమిదిమందిమి ఉండేవాళ్లమమ్మా. నేను నాలుగోవాణ్ణి."

సోఫాలోంచి కొడుకు శేషగిరి లేచి వచ్చాడు. "విన్నావా కృతీ? అన్నదమ్ముల పిల్లలే ఎనిమిదిమంది! ఎస్టేట్ ఎలా నిలుస్తుంది మరి?"

శేషగిరి సంగతి మొహమాటం లేకుండా చెప్పేయాలి. రాజులు పోయి డెబ్బై ఏళ్లు దాటినా అతని మాటల్లోంచి మాత్రం పోలేదు. బాతెల్ నుంచి రెడ్‌మండ్ దాకా అతని జమీందారీ వంశం గురించి వినని పాట్‌లక్ విందు లేదు. పోయిన దీపావళి పార్టీకి జరీ తలపాగా చుట్టుకుని వెళ్లాడు. తండ్రి కుడి భుజం మీద గట్టిపడ్డ మచ్చ ఒకటుంది. అది కత్తిసాములో తగిలిన దెబ్బ అని అందరికీ చెప్పాడు.

అతను ఆ దివాణం ఉన్న ఊరు ఒక్కసారీ చూడలేదు. రాజారావు ఇరవై రెండో ఏట రైల్వేలో చేరి ఖరగ్‌పూర్ వెళ్లిపోయాడు. కొడుకు అక్కడే పుట్టాడు. పడుకోబెట్టేటప్పుడు తండ్రి చెప్పిన కథలే అతనికి తెలిసిన ఊరు. మా కోట, మా ఏనుగు, మా పల్లకీ. ప్రతి కథా 'మా'తోనే మొదలయ్యేది.

"నెక్స్ట్," అంది కృతి. "ఓ, ఇది వియర్డ్. ఏ కంట్రీలో అయినా నీకు హెరెడిటరీ టైటిల్ ఉందా, ఎప్పుడైనా ఉండేదా?"

"అంటే?"

"తాత నుంచి నాన్నకి, నాన్న నుంచి నీకు, అలా వచ్చిన టైటిల్."

"ఎస్ కొట్టు!" అన్నాడు శేషగిరి.

"డాడ్, జోక్ కాదు. లేనిది రాస్తే అబద్ధం, ఉన్నది దాస్తే అదీ అబద్ధమే. తాత అప్లికేషన్ రిజెక్ట్ చేసేస్తారు. ఫోర్ ఇయర్స్ నుంచి దీనికోసం చదువుతున్నాడు. ప్రూఫ్ ఉందా?"

"మనిషే ఎదురుగా ఉంటే ప్రూఫ్ ఎందుకే?"

రాజారావు ఉప్మా ప్లేటు పక్కకి జరిపాడు. "ఎస్ అంటే ఏమవుతుందమ్మా?"

"సెరెమనీలో దాన్ని వదిలేస్తున్నా అని చెప్పాలి."

"అందరి ముందా?"

"అందరి ముందు. గట్టిగా."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"జమీలు పోయినా దసరా ఊరేగింపు ఆగలేదు. పదోరోజు సాయంత్రం బయల్దేరేవాళ్లం," అన్నాడు. "కాగడాలు. పన్నీరు. బంతిపూల వాసన. జనం రెండుపక్కలా వంగి దండాలు పెట్టేవారు. కోట మెట్లు ముప్పై రెండు. ఇప్పటికీ కళ్లు మూసుకుని దిగిపోతాను. కిందికి చూడకూడదు. అడుగు తప్పితే దివాణం పరువు పోతుందిరా అనేవాడు మా నాన్న."

నేలమీద ఆయన పాదం లయగా ఆడుతోంది.

"తప్పిందా ఎప్పుడైనా?" అంది కృతి.

"ఒక్కసారీ తప్పలేదు." గొంతులో గర్వం దాచుకోలేదు. "ఎనిమిదిమందికీ ఒకటే అడుగు, ఒకటే ఊపిరి. అందరూ పోయారు. నేనొక్కణ్ణే మిగిలాను."

శేషగిరి కళ్లు చెమర్చాయి. "అదంతా వదులుకోవాలంటే బాధగా లేదా నాన్నా?"

"జ్ఞాపకాలు వదలమనలేదు కదరా. టైటిల్ ఒక్కటే కదా."

"సెరెమనీ లైవ్ పెడదాం. తలపాగా నేను తెస్తాను. మనవాళ్లందర్నీ పిలుద్దాం."

"పిలు. అందరూ వినాలి." ఆయన కొడుకు వీపు మీద చెయ్యి వేశాడు. "నీకు సగమే తెలుసురా. కథ మధ్యలో నిద్రపోయేవాడివి."

కృతి మౌస్ మీద వేలు ఆపింది. "తాతా, నన్ను చూసి చెప్పు. నిజంగా ఉందా?"

"ఉందమ్మా. మా తాతని చచ్చిపోయేదాకా ఆ మాటతోనే పిలిచారు. మా నాన్ననీ అంతే. నాకు ఇరవై రెండేళ్లు వచ్చేదాకా దివాణంలో ఎవరూ నన్ను పేరుపెట్టి పిలవలేదు."

"అదీ మర్యాదంటే!" అన్నాడు శేషగిరి.

కృతి ఎస్ నొక్కింది. దాని కింద ఖాళీ గడి ఒకటి తెరుచుకుంది. మీ బిరుదు ఏమిటో రాయమంటోంది.

"స్పెల్లింగ్ జాగ్రత్తగా కొట్టు," అంటూ శేషగిరి ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

రాజారావు వచ్చి మనవరాలి పక్కన నిటారుగా కూర్చున్నాడు. ఎడమచేత్తో కుడి భుజం మీది మచ్చని ఒకసారి తడుముకున్నాడు.

"రాయమ్మా," అన్నాడు, "పల్లకీ బోయీ."