బంపరు కింద చెక్క

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు: మెకానిక్ నాన్న, అమ్మ, మెడకి పట్టీతో అన్న, చిట్టి. షెడ్డులో కారు. తాత ఎవరి దగ్గరో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. అగ్గిపెట్టెకి చక్రాలు తగిలించినట్టుంటుంది.

తెల్లారితే పాత కార్ల పందెం.

వేగం నూట ముప్ఫై దాటితే చాలు, కారు ముందు భాగం పైకి తేలిపోతోంది. స్టీరింగు ఎంత తిప్పినా చక్రాలు మాట వినవు. పోయిన వారం ట్రయల్లో, ఊరంతా చూస్తుండగా అన్న అలాగే గుంతలో పడ్డాడు.

"నా మాట విను, వెళ్లొద్దురా," అంది అమ్మ వందోసారి.

"అంతమంది ముందు పడ్డాక ఇంట్లో కూర్చుంటే నా మొహం ఎవరికి చూపించనమ్మా? ఇదే కారు నలభై ఏళ్ల కిందట నూట అరవై పోయింది!"

సాక్ష్యం షెడ్డు గోడ మీదుంది. పేపర్లోంచి కత్తిరించిన ఫోటో. బంపరు దాకా పెరిగిన గడ్డిలో ఈ కారు, పక్కన హెల్మెట్టూ నల్ల కళ్లద్దాలూ పెట్టుకున్న మనిషి. పైకెత్తిన ఎడమ చేతికి చిటికెన వేలు లేదు.

"ఆ మహానుభావుడు ఏం చేశాడో చెప్పి పోకూడదూ!" అని నాన్న రోజూ ఆ ఫోటోతో మొరపెట్టుకునేవాడు.

పదిహేను రోజులుగా రేకు వంచి కారు ముక్కుకి గుండ్రటి తొడుగులు వేస్తున్నాడు. ఎంత నునుపు చేస్తే అంత తేలుతోంది.

అప్పుడొచ్చింది ఆ ముసలావిడ. రెండు చేతులూ కోటు జేబుల్లో.

"ఈ కారు ఇక్కడుందని విన్నాను బాబూ. ఒకసారి చూసిపోదామని."

వంగి బంపరు కిందికి చూసింది.

"గాలి కిందికి దూరి ఎత్తేస్తోంది. ఈ తొడుగు పీకెయ్. బంపరు కింద అడ్డంగా ఓ చెక్క బిగించు. నేలకి బెత్తెడు ఎత్తులో."

అన్నకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"గాలికి దారివ్వలేక మేం చస్తుంటే, అడ్డం పెట్టమంటారేంటి మామ్మగారూ?"

"కిందికి దారివ్వకు అంటున్నా. ప్రాణం మీదికి తెచ్చుకోకు నాన్నా."

"మా అమ్మ చాలదన్నట్టు మీరొకరు! వెళ్లండి."

"పెద్దావిడరా," అన్నాడు నాన్న, రేకు మీంచి తలెత్తకుండా.

ఒకసారి పెట్టి చూద్దామని చిట్టి నోరు తెరిచింది. అన్న అప్పటికే ఆవిడని గుమ్మం దాటించాడు.

"చెక్క ఒక్కటే బాబూ..."

అన్న తలుపు తోశాడు. ఆపాలని ఆవిడ ఎడమ చెయ్యి జేబులోంచి తీసి చాపింది.

చిట్టి ఆ చేతినీ గోడ మీది ఫోటోనీ చూసి "అన్నా, ఆగు!" అనేలోపే, నాలుగే వేళ్లున్న ఆ చేతి ముందు తలుపు మూసుకుపోయింది.